హైబ్రిడ్ ఎస్‌యూవీ: ప్యాడ్లు బాగానే ఉన్నాయంటున్నారు, మరి వెనక చక్రం దగ్గర ఈ గరగర ఏమిటి?

నలుగురం_ఒకబండి
మా బండికి నాలుగేళ్లు నిండాయి, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ప్లగ్ అక్కర్లేని మామూలు హైబ్రిడ్ ఎస్‌యూవీ. రెండు నెలలుగా పొద్దున్నే బండి తీయగానే మొదటి నాలుగైదు బ్రేకులకు వెనక ఎడమవైపు నుంచి గరగరమని శబ్దం వస్తోంది. రాత్రి వాన పడితే ఇంకా ఎక్కువ. మొదట్లో కాసేపటికి పోయేది. పదిహేను రోజులుగా పూర్తిగా పోవడం లేదు. దానికి తోడు ఆగేటప్పుడు, బండి నడక వేగానికి వచ్చాక, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు చిన్న కుదుపు.

సర్వీసుకు ఇచ్చాను. ప్యాడ్లు 70 శాతం ఉన్నాయి, హైబ్రిడ్‌లో ఇలాంటివి మామూలే అని రాసి పంపేశారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. నిన్న బండి కడిగేటప్పుడు ఒకటి గమనించాను. ఎడమ వెనక రిమ్ము మీద వేలు పెడితే నల్లగా అంటుకునేంత పొడి ఉంది. కుడి వెనక రిమ్ము శుభ్రంగా ఉంది. ఇది దేనికి గుర్తు? వదిలేయదగ్గ విషయమేనా?

టాప్‌గేర్
హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదులుతోందా? ముందు అది చూడండి.

నలుగురం_ఒకబండి
ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ అండీ. బటన్ నొక్కితే మోటారు వదులుతున్న శబ్దం రెండు వైపులా వినిపిస్తోంది. లైటు కూడా ఆరిపోతోంది.

లక్షదాటింది
టెన్షన్ పడకండి. నాదీ అదే రకం బండి. 1,12,000 కి.మీ. అయింది, ఇప్పటికీ బండితో వచ్చిన ప్యాడ్లే. హైబ్రిడ్‌లో రోజువారీ బ్రేకు పనిలో ఎక్కువ భాగం మోటారే చేసేస్తుంది. పొద్దున వచ్చే శబ్దం రాత్రికి రాత్రి డిస్కు మీద, అంటే చక్రంతో పాటు తిరిగే, ప్యాడ్లు అదిమి ఆపే ఇనుప పళ్లెం మీద పట్టిన తుప్పు. రెండు మూడు బ్రేకులకు రాలిపోతుంది. దానికోసం చక్రాలు విప్పించుకోవడం దండగ.

గ్రీజుచేతులు
లక్షదాటింది గారు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. చివరి వాక్యం మాత్రం నేను ఒప్పుకోను. బ్రేకు పని చేసి బతికేవాణ్ణి, చూసిందే చెబుతున్నాను.

మామూలు బండి ప్యాడ్ అరిగిపోయి నా దగ్గరికి వస్తుంది. హైబ్రిడ్ ప్యాడ్ వాడక లేక పాడై వస్తుంది. మీరు పెడల్ మెల్లగా తొక్కినప్పుడు చక్రం మోటారును తిప్పుతుంది, మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది, ఆ బరువుకే బండి నెమ్మదిస్తుంది. ప్యాడ్ డిస్కును దాదాపు తాకదు. గట్టిగా తొక్కినప్పుడు, లేదా చివర్లో బండి ఆగిపోయేటప్పుడు మాత్రమే ప్యాడ్‌కు పని పడుతుంది. వెనక చక్రాల ప్యాడ్లకైతే ఆ పని కూడా తక్కువే. ఆగేటప్పుడు బరువంతా ముందుకు పడుతుంది కదా. అందుకే వాన నీళ్లు, బురద, తేమ చేరి ముందుగా వెనకవే తుప్పు పడతాయి.

ఇప్పుడు అసలు సంగతి. డిస్కుకు రెండువైపులా ప్యాడ్లను పట్టి ఉంచి అదిమే భాగం క్యాలిపర్. చాలా ఎస్‌యూవీల వెనక చక్రాలకు ఉండే క్యాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, అదీ లోపలివైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ తోపుకు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద ఇటు జరిగి, బయటి ప్యాడ్‌ను కూడా డిస్కుకు అదుముతుంది. పిన్ను పట్టేస్తే క్యాలిపర్ జరగదు. లోపలి ప్యాడ్ ఒక్కటే మోస్తుంది. పెడల్ వదిలాక కూడా అది రాసుకుంటూనే ఉంటుంది. చక్రం సందులోంచి టార్చి వేసి చూస్తే కనబడేది బయటి ప్యాడ్. అది ఎప్పుడూ మందంగానే కనబడుతుంది.

మీ సర్వీసు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఆ 70 శాతం లోపలి ప్యాడ్‌దా, బయటిదా? చక్రం విప్పి చూశారా?

కొండదారి
రిమ్ము మీద ఒక్కవైపే పొడి అన్నారే, అదే పెద్ద గుర్తు. నాకు ముందు కుడి చక్రానికి ఇలాగే అయింది.

నలుగురం_ఒకబండి
చక్రం విప్పినట్టు కాగితంలో ఎక్కడా లేదు. అడిగాను, "చూసి రాసిందే" అన్నారు. విప్పకుండానే ఇంట్లో తేల్చుకునే మార్గం ఉందా?

గ్రీజుచేతులు
ఉంది. ఖాళీ రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడపండి, వీలైనంత వరకు గట్టి బ్రేకు కొట్టకుండా. చదునైన చోట బండి దానంతట అది నెమ్మదించి ఆగేలా చూడండి. దిగి నాలుగు రిమ్ముల దగ్గరా అరచేయి పెట్టండి. తాకొద్దు, రెండంగుళాల దూరంలో చాలు. ఒక చక్రం దగ్గర మాత్రం సెగ కొడితే అక్కడ ప్యాడ్ రాసుకుంటోందన్నమాట. దూరం నుంచి వేడి చూపించే తుపాకీ లాంటి థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది, డిస్కు మీద గురిపెట్టి చూడండి.

సర్క్యూట్
కుదుపు గురించి ఎవరూ మాట్లాడలేదు. అది వేరే కథ కావచ్చు.

బండి వేగంగా ఉన్నప్పుడు మోటారు బాగా బ్రేకు వేయగలదు. వేగం తగ్గేకొద్దీ దాని పట్టు సడలుతుంది. గంటకు 10 కి.మీ. దరిదాపుల్లో కంప్యూటర్ ఆ పనిని మోటారు నుంచి తీసి ప్యాడ్లకు అప్పజెబుతుంది. ఇద్దరు మనుషులు బరువైన బీరువా చేతులు మార్చుకున్నట్టు. ఒకరు వదిలే క్షణం, ఇంకొకరు పట్టే క్షణం సరిగ్గా కలవాలి. ప్యాడ్లు శుభ్రంగా ఉంటే ఎంత నొక్కితే ఎంత పట్టు వస్తుందో కంప్యూటర్ అంచనా సరిపోతుంది, మీకు తెలియకుండానే బండి ఆగుతుంది. ప్యాడ్ మీద తుప్పు పొడి ఉంటే, లేదా వాడక లేక పైపొర గాజులా నున్నబడి ఉంటే ఆ అంచనా తప్పుతుంది. అప్పుడే మీరు చెప్పిన లాగుడు.

కాబట్టి కుదుపు తక్కువగా, ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆ బండి స్వభావం. కొత్తగా మొదలై పెరుగుతూ ఉంటే ప్యాడ్లు చూడాల్సిందే.

లక్షదాటింది
లేదండీ, కుదుపు సాఫ్ట్‌వేర్‌దే. నాకు అప్‌డేట్ వేయించాక పోయింది. ప్యాడ్ ముట్టుకోలేదు.

సర్క్యూట్
మీ బండికి అది నిజమే కావచ్చు. మీకు నాలుగు చక్రాలకూ ఒకేలా ఉండేదేమో. ఈయనకు ఒక్కవైపు నుంచే శబ్దం, ఒక్కవైపే పొడి. సాఫ్ట్‌వేర్ ఒక చక్రాన్ని ఏరుకుని గరగరలాడించదు.

వానచినుకు
నాదొక సందేహం. డ్రైవర్ డోరు తెరవగానే, ఇంకా బండి ఆన్ చేయకముందే, బానెట్ లోపల జుయ్యిమని రెండు మూడు సెకన్లు శబ్దం వస్తుంది. మా పాప "కారు ఆవలిస్తోంది" అంటుంది. అదేమైనా లోపమా?

టాప్‌గేర్
మీ పాప సరిగ్గానే చెప్పింది, నిద్ర లేస్తోంది :)

సర్క్యూట్
లోపం కాదు. మామూలు పెట్రోల్ ఇంజన్ తిరుగుతూ పుట్టించే వ్యాక్యూమ్‌తో (గాలి లాగుడుతో) మీ కాలికి బలం జోడిస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజన్ ఎప్పుడు ఆగి ఉంటుందో తెలియదు కాబట్టి చాలా బండ్లలో ఎలక్ట్రిక్ పంపు బ్రేకు ఆయిల్‌ను ఒత్తిడితో ఒక చిన్న కుండలో నిల్వ చేస్తుంది. డోరు తెరిస్తే మీరు బయల్దేరబోతున్నారని గ్రహించి ముందే ఒత్తిడి నింపుకుంటుంది. టొయోటా బండ్లలో ఇది బాగా వినిపిస్తుంది. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్ హైబ్రిడ్ కారు నుంచి వాళ్ల హైబ్రిడ్‌లలో పెడల్‌కీ చక్రానికీ మధ్య కంప్యూటర్ ఉండే బ్రేకులే.

కానీ ఒకటి గమనిస్తూ ఉండండి. బండి ఆన్‌లో ఉండి, కదలకుండా, పెడల్ మీద కాలు పెట్టకుండా కూర్చున్నప్పుడు కూడా ఆ పంపు కొన్ని సెకన్లకోసారి మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, నిల్వ చేసిన ఒత్తిడి ఎక్కడో జారిపోతోందని అర్థం. అది వెంటనే చూపించాలి.

వానచినుకు
లేదు, ఒక్కసారే వస్తుంది. మళ్లీ పెడల్ నాలుగైదుసార్లు తొక్కితేనే. ప్రాణం లేచొచ్చింది.

కొండదారి
ఆ ఒత్తిడి కుండ విషయంలోనే 2013 జూన్‌లో టొయోటా సుమారు 2,42,000 బండ్లను వెనక్కి పిలిచింది. ప్రియస్, లెక్సస్ హెచ్‌ఎస్ 250హెచ్. కుండలోని నైట్రోజన్ గ్యాసు బ్రేకు ఆయిల్‌లోకి లీకై బ్రేకు పట్టు తగ్గే అవకాశం ఉందని. అవి ఎస్‌యూవీలు కావు, కానీ ఈ బ్రేకుల పద్ధతి అదే కుటుంబానిది. మీ బండి ఛాసిస్ నంబరుతో తయారీ సంస్థ సైట్‌లో రీకాల్ ఉందేమో చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లు తప్పకుండా చూడాలి. రీకాల్ ఉత్తరం పాత యజమాని ఇంటికి వెళ్లి ఉంటుంది.

గుంతలరోడ్డు
నాకు ఇంకో రకం. మెల్లగా బ్రేకు మీద వెళ్తూ ఉంటాను, చక్రం గుంతలో పడుతుంది లేదా ఇసుక మీదికి వెళ్తుంది, సరిగ్గా ఆ క్షణంలో బండి ముందుకు దూకినట్టు అనిపిస్తుంది. గుండె గుభేలుమంటుంది. ఒక్క క్షణమే. ఆ వెంటనే మళ్లీ పట్టుకుంటుంది. ఇది నా ఊహా, నిజమా?

సర్క్యూట్
ఊహ కాదు. చక్రం ఒక్క క్షణం గాల్లోకి లేచినా జారినా కంప్యూటర్ మోటారు బ్రేకును వదిలేసి, ఏబీఎస్‌తో (చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పాటు ప్యాడ్లకు మారుతుంది. ఆ సందులో బ్రేకు తగ్గినట్టు ఒంటికి తెలుస్తుంది. 2010 ఫిబ్రవరిలో టొయోటా మూడో తరం ప్రియస్‌తో పాటు మరికొన్ని హైబ్రిడ్‌లను, ప్రపంచవ్యాప్తంగా 4 లక్షలకు పైగా బండ్లను, వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది సరిగ్గా ఈ ఫిర్యాదు మీదే. గతుకుల రోడ్డు మీద, జారే రోడ్డు మీద బ్రేకు ఒక్క క్షణం తేడాగా ఉందని. అదే నెలలో ఫోర్డ్ కూడా తన ఫ్యూజన్ హైబ్రిడ్‌కు సాఫ్ట్‌వేర్ సవరణ ప్రకటించింది. అక్కడ బండి మోటారు బ్రేకు నుంచి మామూలు బ్రేకుకు మారినప్పుడు పెడల్ తేడాగా అనిపించి, బ్రేకులు పోయాయని నడిపేవాళ్లు భయపడ్డారు. నిజానికి పట్టు పోలేదు.

గుంతలరోడ్డు
అంటే భయపడక్కర్లేదా?

కొండదారి
భయం వేరు, జాగ్రత్త వేరు. 40 కి.మీ. వేగంలో అర సెకను అంటే బండి 5 మీటర్లకు పైనే వెళ్లిపోతుంది. ముందు బండికి అంత దగ్గరగా ఉంటే అదే గుద్దుడు. గతుకు కనబడితే దానికి ముందే బ్రేకు వేసి, గతుకు మీద పెడల్ వదిలి దాటడం నేను అలవాటు చేసుకున్నాను. ఆ దూకుడు వచ్చినప్పుడు చాలామంది కాలు తీసేస్తారు, అది తప్పు. ఇంకాస్త గట్టిగా తొక్కండి. గట్టిగా తొక్కితే ప్యాడ్లు పూర్తిగా పనిలోకి దిగుతాయి.

నలుగురం_ఒకబండి
గ్రీజుచేతులు గారూ, పరీక్ష చేశాను. 25 నిమిషాలు నడిపాను. థర్మామీటర్ పక్కింటాయన దగ్గర దొరికింది.

ముందు ఎడమ 61, ముందు కుడి 64, వెనక కుడి 46, వెనక ఎడమ 118 డిగ్రీలు.

రెండుసార్లు చూశాను, పొరపాటేమోనని.

గ్రీజుచేతులు
పొరపాటు కాదు. ఎడమ వెనక చక్రం బ్రేకు వదలడం లేదు. ఇక దూరప్రయాణాలు పెట్టుకోకండి. నేరుగా విప్పించండి, మీరు పక్కనే నిలబడండి.

లక్షదాటింది
ఆ అంకె చూశాక నేను ముందు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. విప్పించండి.

స్వయంకృషి
ప్యాడ్లు మార్చడం పెద్ద పనేం కాదు, పాత బండికి నేనే ఎన్నోసార్లు చేశాను. జాకీ, రెండు బోల్టులు, సి-క్లాంపుతో పిస్టన్ వెనక్కి నొక్కడం. గంట పని. ఇంట్లోనే చేసుకోవచ్చు కదా?

గ్రీజుచేతులు
స్వయంకృషి గారూ, దయచేసి ఆగండి. హైబ్రిడ్‌లో ఈ మాట మీద నడిస్తే రెండు ప్రమాదాలున్నాయి.

ఒకటి: పైన వానచినుకు గారి పాప చెప్పిన ఆవలింత గుర్తుందా? మీరు క్యాలిపర్ విప్పి వేళ్లు లోపల పెట్టి ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి డోరు తెరిచారనుకోండి, లేదా తాళం జేబులో పెట్టుకుని మీరే బండి చుట్టూ తిరిగారనుకోండి. కొన్ని బండ్లలో బ్రేకు కంప్యూటర్ మేలుకుని పంపు తిరుగుతుంది, ఒత్తిడి పిస్టన్ దాకా వస్తే మధ్యలో మీ వేళ్లున్నాయి. బండి మాన్యువల్ చెప్పిన పద్ధతిలో బ్రేకు వ్యవస్థను నిద్రపుచ్చాకే చేయి పెట్టాలి. తాళం దూరంగా పెట్టాలి.

రెండు: ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న వెనక క్యాలిపర్‌లో పిస్టన్ వెనక చిన్న మోటారు, మర ఉంటాయి. దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టి మరను వెనక్కి తిప్పించాకే పిస్టన్ లోపలికి వెళ్తుంది. అలా చేయకుండా సి-క్లాంపుతో నొక్కితే లోపలి పళ్లు విరుగుతాయి. ప్యాడ్ల ఖర్చుతో పోయేది క్యాలిపర్ ఖర్చు అవుతుంది.

ఇక ఆయిల్ గొట్టం విప్పి గాలి లోపలికి పోనిచ్చారో, బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ లేకుండా ఆ గాలిని చాలా బండ్లలో పూర్తిగా తీయలేరు.

స్వయంకృషి
డోరు సంగతి నాకు నిజంగా తెలియదు. మంచి పని చేశారు చెప్పి. ఈ ఆదివారం మా చెల్లెలి బండి విప్పుదామనుకున్నాను.

కొండదారి
ఘాట్ రోడ్డు విషయం కూడా చెప్పాలి, హైబ్రిడ్ కొత్తగా కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే బెదిరిపోతారు. పెద్ద దిగుడులో మొదటి కొంత దూరం మోటారు బ్రేకు హాయిగా పట్టుకుంటుంది. బ్యాటరీ గీతలు నిండిపోతాయి. ఆ తర్వాత మోటారుకు ఇంక కరెంటు పెట్టే చోటు లేదు. పెడల్ తొక్కితే ఇంతకు ముందులా ఉండదు, ఇంజన్ ఒక్కసారిగా ఊళపెడుతుంది. బండి పాడైందని నేను పక్కకు తీసి ఆపేశాను మొదటిసారి.

లెక్కతేలింది
ఆ లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది. మనుషులతో కలిపి 1,800 కిలోల బండి అనుకుందాం. 80 కి.మీ. వేగం నుంచి ఆగితే వచ్చే శక్తి సుమారు 0.12 యూనిట్. అది బ్యాటరీకి ఒక గుక్క. అదే బండి 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే దాదాపు 2.45 యూనిట్లు. గాలి, టైర్లు తినేది కొంత తీసేసినా చాలా మిగులుతుంది. ప్లగ్ లేని హైబ్రిడ్‌లో మొత్తం బ్యాటరీయే సాధారణంగా 1, 2 యూనిట్ల మధ్య ఉంటుంది, అందులోనూ కంప్యూటర్ వాడుకోనిచ్చేది కొంత భాగమే. మిగతాదంతా వేడిగా పోవాల్సిందే, ఇంజన్ ద్వారానో ప్యాడ్ల ద్వారానో.

కొండదారి
సరిగ్గా ఇదే నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే గేరు లివర్‌లో బి అని ఉంటే దిగుడు మొదట్లోనే అందులో వేయండి. బండి ఇంజన్‌ను ఉత్తినే తిప్పుతూ ఆ శక్తిని ఖర్చు చేస్తుంది. ఇంజన్ గోల పెట్టినా పర్లేదు, పని చేస్తోందన్నమాట. నాలుగేళ్లు వాడక లేక పక్కన పడి ఉన్న ప్యాడ్ల మీద ఒక్కసారిగా మొత్తం కొండ బరువు వేయొద్దు.

వానచినుకు
బి మోడ్ మామూలు రోడ్డు మీద కూడా వాడితే మైలేజీ పెరుగుతుందంటారు?

లెక్కతేలింది
పెరగదు. బ్యాటరీకి పోవాల్సిన దాంట్లో కొంత ఇంజన్ తిప్పడానికి పోతుంది. దిగుడుకే ఉంచండి.

ఆయిల్‌డబ్బా
ఇంతమంది ఇంత రాశారు, బ్రేకు ఆయిల్ ఊసే లేదు. ప్యాడ్లు అరగడం లేదు కదా అని ఆయిల్ కూడా మార్చరు చాలామంది. ఆయిల్ వాడకంతో పాడవదు, కాలంతో పాడవుతుంది. గాల్లోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ అంటే బ్రేకు ఆయిల్ రకం చెప్పే ప్రమాణం. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు 230, 155. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు, పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోతుంది. కొండదారి గారు చెప్పిన దిగుడులో జరగాల్సిన పని కాదిది.

పైగా హైబ్రిడ్‌లో ఆ ఆయిల్ సన్నటి వాల్వుల గుండా వెళ్తుంది. నీరు చేరితే అవి తుప్పు పడతాయి. ఆ యూనిట్ ఖరీదు ముందు ఆయిల్ డబ్బా ఎంత! మాన్యువల్‌లో రాసిన గడువుకు, సాధారణంగా రెండు మూడేళ్లకోసారి, కిలోమీటర్లు ఎన్నైనా సరే మార్చండి. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే. డాట్ 5 అనేది సిలికాన్ రకం, 4 కన్నా 5 మేలనుకుని పోయకండి.

టాప్‌గేర్
ఆయిల్ కనీసం గీత దగ్గరికి తగ్గితే పై నుంచి పోసేయడం కూడా తప్పే. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వచ్చి ఆయిల్ మట్టం తగ్గుతుంది. అది ప్యాడ్లు చూడమని చెప్పే గుర్తు.

పసుపులైటు
నాకు మొన్న ఒకేసారి ఏబీఎస్, ట్రాక్షన్, బ్రేకు లైట్లన్నీ వెలిగాయి. బ్రేకు యూనిట్ పోయిందన్నారు. ఇంకో చోట చూపిస్తే చిన్న 12 వోల్టుల బ్యాటరీ బలహీనమైందని తేలింది. అది మార్చాక అన్నీ ఆరిపోయాయి. పెద్ద ఖర్చుకు ఒప్పుకునే ముందు ఆ చిన్న బ్యాటరీ పరీక్ష చేయించండి. కంప్యూటర్లన్నీ దాని మీదే బతుకుతాయి.

సర్క్యూట్
మంచి మాట. చక్రం వేగం చెప్పే సెన్సర్ ఒకటి చెడినా అదే దీపావళి. కానీ ఎర్ర బ్రేకు లైటు వెలిగి, హ్యాండ్‌బ్రేక్ వేసి లేకపోతే మాత్రం కారణాలు వెతుకుతూ నడపొద్దు. పక్కకు తీసి ఆపండి. పసుపు అయితే మెల్లగా చూపించే చోటికి చేరవచ్చు.

నలుగురం_ఒకబండి
ఇప్పుడే వచ్చాను. వేరే చోట చూపించాను, పక్కనే నిలబడ్డాను.

చక్రం తీయగానే ఆయన ఏమీ మాట్లాడలేదు, టార్చి నా చేతికిచ్చి లోపలికి చూడమన్నాడు. బయటి ప్యాడ్ నిజంగానే మందంగా ఉంది, కొత్తదానిలా. లోపలి ప్యాడ్ తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒక చివర 2 మిల్లీమీటర్లు ఉందేమో. రెండో చివర డిస్కును రాసుకునే మసాలా పొర మొత్తం పోయి ఇనుము మెరుస్తోంది. ఏటవాలుగా, చెప్పు మడమ ఒక పక్క అరిగినట్టు అరిగింది. డిస్కు లోపలివైపు వేలు పెడితే గోరు దిగేంత గాళ్లు. బయటివైపు నుంచి ఎవరు చూసినా అద్దంలా కనబడుతుంది.

కింది పిన్ను చేత్తో రాలేదు. పానా పెట్టి తిప్పితే కీచుమని వచ్చింది. దాని రబ్బరు తొడుగు చిరిగి ఉంది, అందులోంచి నీళ్లు పోయి గ్రీజు ఎర్రటి ముద్దగా మారిపోయింది. ప్యాడ్ చెవులు కూడా బ్రాకెట్‌లో తుప్పుకు ఇరుక్కుపోయి ఉన్నాయి, సుత్తితో కొట్టి తీశాడు.

నాకు కాగితం మీద 70 శాతం అని రాసిచ్చింది ఆ బయటి ప్యాడ్ చూసే.

లక్షదాటింది
చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. నేను రేపే విప్పిస్తున్నాను. 1,12,000 కి.మీ.లో ఒక్కసారి కూడా లోపలి ప్యాడ్ చూడలేదు.

గ్రీజుచేతులు
పిల్లలతో మీరు దూరం వెళ్లకముందే బయటపడింది, అది చాలు. ఏమేం మార్చారు?

నలుగురం_ఒకబండి
వెనక రెండువైపులా డిస్కులు, ప్యాడ్లు. ఎడమవైపు పిన్నులు, రబ్బర్లు కొత్తవి. పిస్టన్ సర్వీసు మోడ్‌లోనే వెనక్కి పంపాడు, తాళం ముందే నా దగ్గర తీసుకుని దూరంగా బల్ల మీద పెట్టాడు. మీ పోస్టు చూపించాను, నవ్వి "ఇది రాసినవాడికి పని తెలుసు" అన్నాడు.

గ్రీజుచేతులు
పిన్నులకు ఏ గ్రీజు పెట్టాడో అడిగారా? బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. బ్రేకు పిన్నులకని అమ్మే గ్రీజే పెట్టాలి.

నలుగురం_ఒకబండి
సిలికాన్ గ్రీజు, ట్యూబు చూపించాడు.

స్వయంకృషి
ఇలా మళ్లీ కాకుండా ఏం చేయాలి? అప్పుడప్పుడు న్యూట్రల్‌లో వేసి బ్రేకు కొట్టమని ఎక్కడో చదివాను.

సర్క్యూట్
చాలా హైబ్రిడ్‌లలో అది పని చేస్తుంది. న్యూట్రల్‌లో మోటారు కరెంటు పుట్టించదు, బ్రేకు మొత్తం ప్యాడ్ల మీదే పడుతుంది. వారానికోసారి అలా నాలుగైదు బ్రేకులు వేస్తే డిస్కు శుభ్రంగా ఉంటుంది.

కొండదారి
నాకు నచ్చదు ఆ పద్ధతి. నడుస్తున్న బండిని న్యూట్రల్ చేయడం ఇంట్లో మరొకరికి నేర్పామంటే వాళ్లు దిగుడులో చేస్తారు. వెనక ఎవరూ లేని తిన్నటి రోడ్డు మీద 60 నుంచి 20 దాకా నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే సరిపోతుంది కదా. గట్టి బ్రేకుకు మోటారు ఒక్కటే చాలదు, ప్యాడ్లు దిగి తీరాలి.

గ్రీజుచేతులు
నేను కొండదారి గారి వైపే. తుడిచినట్టు మెల్లగా కాదు, గట్టిగా. బండి కడిగిన వెంటనే తడితో పార్క్ చేయకుండా ఒక చుట్టు తిప్పి, నాలుగు బ్రేకులు వేసి పెట్టండి.

కానీ ఇవి డిస్కు మీది తుప్పుకు మాత్రమే. పిన్నుకు ఇవేమీ చేయవు. దానికి ఏడాదికోసారి చక్రం విప్పి, పిన్ను లాగి, తుడిచి, గ్రీజు పెట్టడం తప్ప దారి లేదు. సర్వీసు కాగితం మీద ప్యాడ్ శాతం కాదు, నాలుగు చక్రాలకూ లోపలి ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు, బయటిది ఎన్ని మిల్లీమీటర్లు అని ఎనిమిది అంకెలు రాయించుకోండి. రాయాలంటే విప్పక తప్పదు.

పసుపులైటు
ఎనిమిది అంకెలు. ఇది నేను రాసుకున్నాను.

లక్షదాటింది
విప్పించాను. ముందు నాలుగూ 6 మి.మీ. వెనక ఎడమ 7, 7. వెనక కుడి బయట 8, లోపల 4. పిన్ను ఇంకా జరుగుతోంది కానీ బిగుసుగా ఉంది. తుడిపించి గ్రీజు పెట్టించాను. నలుగురం_ఒకబండి గారు ఈ ప్రశ్న అడగకపోతే నేను ఇంకో లక్ష అలాగే తిప్పేవాణ్ణి.

గుంతలరోడ్డు
కుదుపు సంగతి ఏమైంది? అది పోయిందా?

నలుగురం_ఒకబండి
కొత్త ప్యాడ్లు డిస్కులకు కుదురుకునేదాకా రెండు రోజులు కాస్త మెత్తగా అనిపించింది. ఇప్పుడు కుదుపు దాదాపు లేదు. రాత్రి వాన పడింది. పొద్దున మొదటి రెండు బ్రేకులకు సన్నగా శబ్దం వచ్చింది, మూడోదానికి పోయింది. నిన్న అదే దారిలో అదే థర్మామీటర్‌తో మళ్లీ చూశాను. వెనక ఎడమ 47, వెనక కుడి 45.